కళ్లంలో పరిచిన గొంగడి

పెద్దతనంలో మా నాయినకు ఒక అలవాటు పట్టుకుంది. ఎవరైనా వచ్చి, "అయ్యగారూ, ఈ సంగతిల దేవుని చిత్తం ఏందో ప్రార్థన చేసి చెప్పుండ్రి" అంటే, మోకాళ్లు వేసే ముందు ఒక ప్రశ్న వేసేవాడు. "ఇంట్ల ఆడోళ్లను అడిగినవా?" అడగలేదంటే, "పో, అడిగి రా. అప్పటిదాంక దేవుడు ఏడికీ పోడు" అని పంపించేవాడు. కొందరు నవ్వేవారు, కొందరు నొచ్చుకునేవారు. ముసలాయనకు చాదస్తం ముదిరిందని సంఘంలో పెద్దలు చాటున అనుకునేవారు. చాదస్తం ఆయనకు ఎప్పుడూ ఉన్నదే. ఈ ప్రశ్న మాత్రం అందులోంచి వచ్చింది కాదు, ఒక గొంగడి వల్ల వచ్చింది.

మా నాయిన కోదాడ తాలూకు పల్లెల్లో క్రైస్తవ బోధకుడు. చిలుకూరు వైపు, హుజూర్‌నగర్ వైపు కాలినడకన తిరిగి ప్రార్థనలు జరిపించేవాడు. ప్రార్థన మందిరం పక్కనే మాకు రెండు గదుల ఇల్లు. వెనక మా వాడ వాళ్లంతా కలిసి వడ్లు నూర్చుకునే కళ్లం. ఏ పని తలపెట్టినా ఆయన దేవుణ్ణి అడగకుండా చేసేవాడు కాదు. మేక ఈనితే పిల్లను ఉంచాలా అమ్మాలా అన్నదానికీ ప్రార్థనే. అది మంచిదే, నేనేమీ ఎగతాళి చేయడం లేదు. కాకపోతే ఆయనకు లోపల వినిపించే జవాబు మీద నమ్మకం లేదు. జవాబు కంటికి కనబడాలి, చేతికి తగలాలి.

మా అక్క పెళ్లి చీటీల మీద కుదిరింది. మిర్యాలగూడ దగ్గర పల్లెలో బడిపంతులు సంబంధం వచ్చినప్పుడు, ఒక చీటీ మీద "అవును" అని, ఇంకోదాని మీద "కాదు" అని రాసి, మడిచి, వేదగ్రంథంలో పెట్టాడు. ఉపవాసం ఉండి ప్రార్థన చేసి ఒకటి తీశాడు. "అవును" వచ్చింది. అమ్మ అప్పుడు పొయ్యి ముందు రొట్టెలు కొడుతోంది. చదువు రాదు ఆమెకు. ఏం వచ్చిందో నాయిన గదిలోంచి కేక వేసి చెప్తే, "మంచిది" అని ఇంకో ముద్ద తీసుకుంది. బావ మంచివాడే. ఆ మాట ఇప్పుడూ అంటాను.

నిజాం సర్కారు పడిపోయిన ఏడు, అది పడిపోవడానికి కాస్త ముందు, వానాకాలంలో, అక్కకు నెలలు నిండాయి. మొదటి కాన్పు పుట్టింట్లో జరగాలి. కానీ దారుల్లో రజాకార్లు తిరుగుతున్నారు, నిండు గర్భిణిని బండిలో అంత దూరం ఎవరు తెస్తారు? అందుకని మేమే పోవాలనుకున్నాం. సమయానికి అమ్మను చలిజ్వరం పట్టుకుంది. ఆమె లేవలేక, నన్నూ నాయిననూ పంపింది. నేనప్పటికి సూర్యాపేట మిషన్ బోర్డింగులో ఎనిమిదో తరగతి పూర్తి చేసి ఇంట్లో ఉన్నాను.

ఆడపిల్ల పుట్టింది. పిల్ల బాగానే ఉంది. అక్కకు మాత్రం రక్తం ఆగలేదు. మంత్రసాని తనకు తెలిసినవన్నీ చేసి, చివరికి చేతులు కడుక్కుని, "సూర్యాపేట దొరసాని దవాఖానకు తీస్కపోండ్రి, నాతోని కాదు" అంది. పసిదాన్ని బావ తల్లి దగ్గర వదిలి, గడ్డి పరిచిన బండిలో అక్కను పడుకోబెట్టి బయలుదేరాం. మధ్యలో మూసి నది దాటాలి. మూసి రెండు ఒడ్లూ ఒరుసుకుని పారుతోంది. పుట్టి వేసేవాణ్ణి బావ ఎంత బతిమాలినా, "నీళ్లు తగ్గినంక చూద్దం, ఇప్పుడేస్తే అందరం పోతం" అన్నాడు. బండి ఒడ్డున ఆగిపోయింది. పొద్దు వాలేసరికి అక్క పోయింది. సూర్యాపేట అవతలి ఒడ్డు నుంచి ఎంతో దూరం లేదు.

చలికాలం వచ్చేసరికి యూనియన్ మిలిటరీ వచ్చింది, రజాకార్లు పోయారు, నిజాం దిగిపోయాడు, లోకమంతా మారిపోయిందన్నారు. మా ఇంట్లో మాత్రం అక్క లేకపోవడం ఒక్కటే మార్పు. క్రిస్మస్ ముందు బావ పసిదాన్ని ఎత్తుకుని వచ్చాడు. మిర్యాలగూడ నుంచి హుజూర్‌నగర్ దాకా బండి దొరికిందట, అక్కణ్నుంచి నడక. పిల్లను తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. అది నా వేలు పట్టుకుని నోట్లో పెట్టుకుంది. ఆ సాయంత్రం అరుగు మీద కూర్చుని, తల దించుకుని, అడగవలసింది అడిగాడు.

"మామా, నేను బలవంతం చేస్తలేను. మా అమ్మకు చాతనైతలేదు. ఎప్పటికైనా ఇంట్లకు ఒకామె రావాలె. పరాయి ఆమె వచ్చే బదులు చిన్నమ్మే వస్తే, పిల్లకు తల్లి లేని లోటు ఉండదు. మీరెట్లంటె అట్లనే."

ఇది మాలో వింతేమీ కాదు. అక్క పోతే చెల్లెల్ని ఇవ్వడం మా తాతలు క్రీస్తును ఎరగని కాలం నుంచీ ఉంది, ఎరిగిన తర్వాతా ఉంది. దాన్ని తప్పుపట్టేవాళ్లెవరూ లేరు. పిల్లనిచ్చి పుచ్చుకున్న రెండిళ్ల మధ్యా బంధం తెగదు, పసిదానికి సవతి తల్లి పోరు ఉండదు.

సరిగ్గా ఆ వారమే సూర్యాపేట నుంచి కబురొచ్చింది. కొత్త సంవత్సరం రాగానే దవాఖానలో నర్సు పనికి ఆడపిల్లల్ని చేర్చుకుంటారట, బోర్డింగులో చదివినదాన్ని గనక నన్ను తీసుకోవడానికి అక్కడి డాక్టరు దొరసాని ఒప్పుకుందట, వస్తుందో రాదో వెంటనే చెప్పాలట. నర్సు పనిలో చేరితే పెళ్లి లేదు, కొన్నేళ్ల దాకా ఆ ఊసే ఎత్తకూడదు. పెళ్లి చేసుకుంటే నర్సు పని లేదు. రెండు దారులూ ఒకేసారి తెరుచుకుని కూర్చున్నాయి. ఎటు పోవాలో నన్నెవరూ అడగలేదు. పిల్ల ఏడిస్తే మేకపాలు పట్టు అన్నారు, పట్టాను.

నాయినకు నిద్ర పట్టలేదు. ఈసారి చీటీల జోలికి పోలేదు. ఎందుకు పోలేదో ఆయన చెప్పలేదు, అమ్మా అడగలేదు. సంఘం పెద్దల్ని పిలిచి ప్రార్థన పెట్టాడు. ఒకరు పెళ్లి అన్నారు, ఒకరు దవాఖాన అన్నారు, ఇద్దరూ దేవుని పేరు మీదే అన్నారు. చివరికి పాత నిబంధనలో ఒక న్యాయాధిపతి సంగతి ఆయనకు తట్టింది. యుద్ధానికి పోవాలా వద్దా అని ఆ మనిషి కళ్లంలో గొర్రెబొచ్చు పరిచి, బొచ్చు మీద మాత్రమే మంచు పడి నేల పొడిగా ఉంటే దేవుడు పొమ్మన్నట్టు, అని గుర్తు అడిగాడు. దేవుడు ఇచ్చాడు కూడా.

"మన ఇంట్ల గొర్రెబొచ్చు ఏడిది?" అంది అమ్మ.

"గొంగడి ఉన్నది గద. అది గొర్రెబొచ్చుతోని నేసిందే. కల్లంల పరుస్త. తెల్లారి గొంగడి తడిసి నేల పొడిగ ఉంటె చిన్నది సూర్యాపేటకు. లేకుంటె పెండ్లి."

అమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతోంది. చేట పక్కన పెట్టింది. "మంచు పడితే గొంగడీ తడుస్తది, నేలా తడుస్తది. పడకుంటె రెండూ తడువయి. ఒక్క గొంగడే ఎట్ల తడుస్తది?"

"అందుకే దాన్ని గుర్తు అంటరు."

అంటే మామూలుగా జరిగేది జరిగితే పెళ్లి, జరగనిది జరిగితే సూర్యాపేట. మామూలు లెక్కే, అమ్మకూ అర్థమైంది. నా వైపు ఒకసారి చూసి మళ్లీ చేట అందుకుంది.

మొదటి రోజు పొద్దున్నే వెళ్లి చూస్తే గొంగడి తడీ లేదు, పొడీ లేదు. అసలు గొంగడే లేదు. ఎవరో ఎత్తుకుపోయారు. ఆ చలికాలంలో గొంగడి అవసరం ఎవరికి లేదు? చెట్టుచేమల వెంట దాగిన కమ్యూనిస్టు దళం వాళ్లున్నారు, వాళ్లను వెతికే మిలిటరీ వాళ్లున్నారు, ఎటూ కాని దొంగలు ఉండనే ఉన్నారు. నాయిన కళ్లం మధ్యలో నిలబడి ఆకాశం వైపు చూస్తున్నాడు. కప్పుకునే గొంగడి అదొక్కటే ఆయనకు.

"అవునన్లే, కాదన్లే, గొంగడే తీస్కపోయిండు నీ దేవుడు" అంది అమ్మ.

"నోరు మూస్కో. ఇది శోధన. దేవుడు నన్ను పరీక్ష చేస్తుండు."

శోధన అన్నాక ఆయన్ని ఆపడం ఎవరి తరం? గొర్ల మందలున్న పెద్దమనిషి ఇంటికి పోయి కొత్త గొంగడి అడిగి తెచ్చాడు. నేనూ వెంట వెళ్లాను. ఆ పెద్దమనిషి మా మతం వాడు కాదు, అయినా నాయినంటే గౌరవం. "గొంగడి దేనికి అయ్యగారూ?" అన్నాడు. "దేవుని పని ఉంది" అన్నాడు నాయిన. "మీ దేవునికీ సలి పెడుతున్నదా ఏంది" అని నవ్వుతూ మంచిదే తీసి ఇచ్చాడు. ఈసారి దొంగలు ఎత్తకుండా నాలుగు మూలలా రాళ్లు పెట్టాడు నాయిన.

తెల్లారి నాయిన కేక విని అందరం లేచాం. ఆ రాత్రి గాలి బాగా తోలింది, మంచు పడలేదు. పేడతో అలికిన కళ్లం పొడిగా తెల్లగా ఉంది. గొంగడి మాత్రం నీళ్లోడుతోంది. నాయిన దాన్ని పిండితే చెంబు సగం నిండింది. ఆయన కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. "ప్రభువా, నేను నమ్మలే, నన్ను క్షమించు" అంటూ అక్కడే మోకాళ్లేశాడు. బావ కూడా మోకాళ్లేశాడు. బావ ముఖం చూస్తే జాలేసింది నాకు. అమ్మ గుమ్మంలోంచి, "గోలెం ఖాళీ అయింది, నీళ్లు తోడుకరా పో" అని నన్ను పిలిచింది. నిన్న సాయంత్రమే గోలెం నిండా పోశాను గదా అని విసుక్కుంటూ బిందె తీసుకున్నాను.

అంతటితో ఆగితే మా నాయినే కాదు. ఆ న్యాయాధిపతి రెండోసారి కూడా అడిగాడట, ఈసారి బొచ్చు పొడిగా ఉండి నేల తడవాలని. నాయిన కూడా అడగాలన్నాడు. "ఆడపిల్ల బతుకు సంగతి, ఒక్క సాక్ష్యం చాలదు." తడిసిన గొంగడిని పగలంతా కంప మీద ఆరేశాడు. ఆ చలిలో మందపాటి గొంగడి ఒక్కపూటలో ఆరుతుందా? మాపటికి ఇంకా బరువుగానే ఉంది. అలాగే తీసుకెళ్లి కళ్లంలో పరిచి మూలలకు రాళ్లు పెట్టాడు. "ఇది గాని తెల్లారేసరికి పొడిగ ఉంటె, ఇగ నేను మాట్లాడ" అన్నాడు. అమ్మ ఆ మాట విని పొయ్యి దగ్గరికి వెళ్లింది.

మర్నాడు మంచు దండిగా కురిసింది. కళ్లం నల్లగా తడిసిపోయింది. గడ్డిపోచల మీద నీటిబొట్లు. గొంగడి పొడిగా ఉంది. నాయిన వంగి దాన్ని రెండు చేతుల్తో ఎత్తాడు. నేను పిల్లను భుజాన వేసుకుని వెనకే ఉన్నాను. కేక వేస్తాడు, మోకాళ్లేస్తాడు అనుకున్నాను. వేయలేదు. గొంగడిని చెంపకు ఆనించుకున్నాడు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. అంచు పట్టుకుని తిరగేశాడు. అక్కడ చిన్నగా కాలిన మచ్చ ఉంది.

అమ్మ చీపురు పట్టుకుని వాకిట్లోకి వచ్చింది.

"గొంగడి ఎచ్చగున్నది" అన్నాడు నాయిన.

"సలికాలంల ఎచ్చగుంటె మంచిదే గద."

"పొగ వాసనొస్తున్నది."

అమ్మ చీపురు గోడకు ఆనించింది. "అవ్, పొయ్యికాడ ఆరబెట్టిన."

"మరి నిన్న?"

"నిన్న గోలెంల ముంచిన."

నాయిన ముఖం ఎర్రబడింది. గొంతు లేచింది. "దేవుణ్ణి మోసం చేస్తవా?"

"దేవుణ్ణి ఏడ మోసం చేసిన? ఆయన సూస్తనే ఉండె. మోసం చేసింది నిన్ను."

అలాంటి మాట మా అమ్మ నోట నేను అంతకు ముందు వినలేదు. ఆమె కూడా విని ఉండదు. చెప్పాక ఒక అడుగు వెనక్కి వేసింది, మళ్లీ ముందుకే వచ్చింది.

"నువ్వు నన్ను అడుగవు గనక చేసిన. పెద్దదాని పెండ్లికి సీటీలను అడిగినవ్. దీనికి గొంగడిని అడిగినవ్. గొంగడిని దొంగలెత్తుకపోతే ఊరి మీద పడి ఇంకో గొంగడి తెచ్చి అడిగినవ్. కన్నదాన్ని, నేను పొయ్యికాడనే ఉంటి గద. పొయ్యికాన్నుంచి కల్లానికి ఎంత దూరమయ్యా? ఒక్కసారి వచ్చి, ఏమంటవే అని అడిగితే నీ దేవుడు వద్దంటడా?" కొంగుతో ముఖం ఒత్తుకుంది. "పెద్దదాన్ని మన్నుల పెట్టుకున్న. దాని సావు గూడ నేను సూడలే. ఇప్పుడు అదే ఇంట్ల, అదే మంచం మీద దీన్ని కూసోబెట్టి, రేపు దీనికి కాన్పొస్తే మళ్లా అదే మూసి ఒడ్డున బండి ఆపాలెనా? నాకు చాతగాదు. నన్ను తిట్టుకో, కొట్టుకో."

నాయిన కొట్టే మనిషి కాదు. గొంగడి చేతిలోనే పెట్టుకుని నిలబడ్డాడు. "మరి పసిది?" అన్నాడు. గొంతు తగ్గింది.

"పసిదాన్ని నేను సాదుకుంట. పాలు మేకవే గద, ఆడైతేంది ఈడైతేంది?"

"ఇది ప్రభువు చిత్తమని ఎట్ల చెప్పాలె నేను?"

"నేను గూడ మోకాళ్లేసినయ్యా. ఇది చేయాల్నా వద్దా అని అడిగిన. ఆయన నాకు వద్దని చెప్పలే."

ఆ జవాబు నిలుస్తుందో నిలవదో నాకు ఇప్పటికీ తెలియదు. ఏ పెద్దలూ ఒప్పుకోరనుకుంటాను. ఏళ్ల తరబడి దవాఖానలో పనిచేశాక నాకు తెలిసిందల్లా, తనకు ఇష్టమైనది చేసి దేవుడు వద్దనలేదని చెప్పేవాళ్లు ఎంతోమంది ఉంటారని. మా అమ్మ వాళ్లలో ఒకతె కావచ్చు, కాకపోవచ్చు. ఆమెకు మాత్రం సందేహం లేదు.

తర్వాతి సంగతి ఇక్కడే చెప్పేస్తాను, ఎవరూ ఎదురుచూడక్కర్లేదు. బావకు నాయినే నచ్చజెప్పాడు. పిల్లను వదిలి వెళ్లేటప్పుడు బావ ఏడ్చాడు. మరుసటి ఏడు వేరే పెళ్లి చేసుకున్నాడు, ప్రతి క్రిస్మస్‌కూ బిడ్డను చూసిపోయేవాడు. పిల్ల మా అమ్మ చేతుల మీద పెరిగింది, ఆమెనే అమ్మా అని పిలిచింది. గొంగడికి పడ్డ కాలిన మచ్చ చూసి గొర్ల పెద్దమనిషి, "దేవుని పనంటే నిప్పులతోనా అయ్యగారూ" అని ఊరంతా చెప్పుకుని నవ్వాడు. నాయిన ఆ మాట పడ్డాడు. నేను సూర్యాపేటలో చేరాను. దొరసాని చాలా కోపిష్టి, నాకు బాగా కుదిరింది.

ఇవన్నీ తర్వాత. ఆ పొద్దున కళ్లంలో ఇంకొక్క సంగతి మిగిలి ఉంది. అమ్మ చీపురు తీసుకుని వాకిలి ఊడవడం మొదలుపెట్టింది. నాయిన నా వైపు తిరిగాడు. నేనక్కడ ఉన్నానని అప్పుడే చూసినట్టున్నాడు.

"బిడ్డా, నువ్వేమంటవ్?"

నా పదిహేడేళ్లలో ఆయన నన్ను ఆ మాట అడగడం అదే మొదలు. జవాబు నా దగ్గర ఎప్పుడో తయారుగా ఉందని అడిగాకే తెలిసింది నాకు. భయం కూడా వేయలేదు.

"పోత నాయినా. బండిల అక్క నా చెయ్యి పట్టుకుని, ఏమన్న చెయ్యవే అన్నది. నాకు ప్రార్థన చేసుడు తప్ప ఇంకోటి రాదు. కింద గడ్డి అంత నెత్తురుతోని తడుస్తుంటె సూసుకుంట కూసున్న. ఆ ఇంకోటి నేర్చుకుంట."

పిల్ల నా భుజం మీద కదిలింది.

"అక్క ఆ మాట అన్నదా? నాకెప్పుడూ చెప్పకపోతివి. ఒడ్డు మీద నేను ఆడనే ఉంటి గద."

నాకు ఆయన్ని బాధపెట్టాలని లేదు. జరిగిందే చెప్పాను.

"రెండుసార్లు పిలిచిన నాయినా. నువ్వు ప్రార్థనల ఉంటివి."

ఆయన గొంగడిని మడిచాడు. మడత సరిగ్గా కుదరక విప్పి మళ్లీ మడిచాడు.